పడ్డాక పదిహేను వేలు.. పడకముందు ఎవరూ చూడని నాడి

ఒకటో తారీకు తెల్లారేసరికి సచివాలయం ఉద్యోగి పింఛను డబ్బు పట్టుకొని గడపలోకి వస్తాడు. పెంచిన ఎన్టీఆర్ భరోసా పింఛన్లని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024 జులై 1న మొదలుపెట్టింది మన గుంటూరు జిల్లా పెనుమాకలోనే. ముసలోళ్ళకి నెలకి 4,000 రూపాయలు, దివ్యాంగులకి 6,000. పక్షవాతం వచ్చి మంచానికో చక్రాల కుర్చీకో అతుక్కుపోయినోళ్ళకి 15,000. అంతకుముందు వాళ్ళకి ఇచ్చింది 5,000. పెంచడం న్యాయమే. మంచంలో ఉన్న మనిషిని తిప్పి పడుకోబెట్టాలన్నా, స్నానం చేయించాలన్నా ఇంట్లో ఒకరు కూలి మానుకోవాల్సిందే. మిరపకాయ కోతల రోజుల్లో అది ఎంత దెబ్బో మీకు నేను చెప్పక్కర్లా.

కాబట్టి ఆ డబ్బు మీద నాకు గొడవ లేదు. నేను అడిగేది వేరే. ఆ పెద్దాయన మంచాన పడకముందు రెండేళ్ళు మన వైద్యం ఆయనకి ఏం చేసింది? బీపీ చూసింది. షుగర్ చూసింది. రెండూ కావాల్సినవే, పక్షవాతానికి అన్నిటికంటే పెద్ద కారణం బీపీయే. మరి మణికట్టు పట్టుకొని నాడి తాళంగా కొట్టుకుంటందా, తప్పుతుందా అని ఎవరన్నా చూశారా? చాలామంది విషయంలో ఎవరూ చూడలా. పక్షవాతం వచ్చి పెద్దాసుపత్రిలో చేరి, అక్కడ ఈసీజీ తీశాక, "ఈయన గుండె లయ తప్పి చాలాకాలమైనట్టుంది" అని అప్పుడు తెలిసిద్ది. అప్పటికే చెయ్యి పడిపోయింది.

ఈ లయ తప్పడం ఏందో ముందు చూద్దాం. గుండెలో పైన రెండు గదులు, కింద రెండు గదులు. పైగదులు ముడుచుకుంటే రక్తం కిందికి దిగిద్ది, కిందగదులు ముడుచుకుంటే ఒళ్ళంతా పారిద్ది. ఈ పనికి గుండెలోనే పుట్టే సన్నటి కరెంటు తాళం వేస్తా ఉంటది. వయసు పైబడ్డాక, బీపీ ఏళ్ళ తరబడి అదుపు తప్పినా, గుండె కవాటాలు పాడైనా, థైరాయిడ్ ఎక్కువైనా, మందు బాగా తాగినా ఆ తాళం చెడిద్ది. పైగదులు ముడుచుకోవడం మానేసి ఊరికే వణుకుతా ఉంటయ్. డాక్టర్లు దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు, పొట్టిగా ఏఎఫ్.

సాగర్ కుడి కాలవ కింద చివరి భూములున్నోళ్ళకి మిగతాది ఇట్టే అర్థమవుద్ది. నీళ్ళు పారినంతసేపు బాగుంటయ్. పారుదల ఆగి మడుగు కట్టిన చోట పాచి పట్టిద్ది. గుండె ఎడమ పైగదికి పక్కన చెవి లాంటి చిన్న సంచి ఒకటి ఉంటది. పైగది వణుకుతా కూర్చుంటే ఆ సంచిలో రక్తం నిలబడి గడ్డ కట్టిద్ది. ఆ గడ్డ ఒకనాడు ఊడి మెదడుకి పోయే రక్తనాళంలో అడ్డం పడిద్ది. అంతే. కాలు చెయ్యి పడిపోవడం, మూతి వంకరపోవడం, మాట పోవడం. గుండెలో పుట్టి వచ్చే గడ్డ పెద్దది, పెద్ద నాళాన్నే మూసేసిద్ది. అందుకే ఈ రకం పక్షవాతంలో చనిపోయేవాళ్ళూ, మంచాన పడేవాళ్ళూ ఎక్కువ.

ఏఎఫ్ ఉన్నోళ్ళకి పక్షవాతం ముప్పు లేనోళ్ళ కంటే దాదాపు ఐదు రెట్లు. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్ళో దశాబ్దాల పాటు జనాన్ని గమనించి 1991లో ఒక లెక్క చెప్పారు. 50 ఏళ్ళ వయసులో వచ్చే పక్షవాతాల్లో ఏఎఫ్ వల్ల వచ్చేవి నూటికి ఒకటో రెండో. 80 దాటినోళ్ళలో అది నూటికి 23. అంటే మీ ఊళ్ళో 80 ఏళ్ళు దాటి పక్షవాతంతో పడినోళ్ళు నలుగురుంటే, అందులో ఒకరికి ఈ గుండె లయే కారణమై ఉండొచ్చు.

ఇది పట్నం జబ్బు, పొలం పని చేసేవాళ్ళకి రాదు అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో ఏడాదిపాటు జరిగిన చావులన్నిటికీ కారణాలు వెతికి, ఆ లెక్కలు 2006లో అచ్చేశారు. 1,354 చావుల్లో దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులే. గుజరాత్ ఆనంద్ జిల్లా పల్లెల్లో ఫోనుకి తగిలించే చిన్న ఈసీజీ పరికరంతో రెండు వేల మందికి పైగా చూస్తే, నూటికి ఒకరిద్దరికి ఏఎఫ్ ఉంది. వయసు పెరిగే కొద్దీ ఆ లెక్కా పెరిగింది.

ఇక్కడ మన దేశానికి ఒక తేడా ఉంది. 2011–12లో దేశంలో పలు ఆసుపత్రుల నుంచి 1,537 మంది ఏఎఫ్ రోగుల వివరాలు రాస్తే, సగటు వయసు 55 దగ్గర తేలింది. సగానికి దగ్గరమందికి కవాటాల జబ్బే కారణం. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్ళ జ్వరం వచ్చి, సరైన వైద్యం అందక గుండె కవాటం బిగుసుకుపోయిన జబ్బు అది. అంటే ఇది తాతల జబ్బే కాదు, 40 ఏళ్ళ అమ్మలకీ ఉంటది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మందుల దగ్గర మళ్ళీ పనికొచ్చిద్ది.

సరే, ఏఎఫ్ ఉందని తేలింది. తర్వాత ఏంది?

మన ఊళ్ళలో తర్వాత జరిగేది చాలాసార్లు ఇది: "గుండె దడకి" అని ఒక బిళ్ళ, "రక్తం పలచబడటానికి" అని ఎకోస్ప్రిన్. ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకుంటారు. అసలు తప్పు ఇక్కడే జరుగుతుంది. ఏఎఫ్‌లో గడ్డ కట్టకుండా ఆపడంలో ఆస్పిరిన్ బలం చాలా తక్కువ. పాత పరీక్షలన్నీ కలిపి చూస్తే అది పక్షవాతాన్ని ఐదోవంతు తగ్గించింది. వార్ఫరిన్ జాతి మందు మూడింట రెండు వంతులు తగ్గించింది. బ్రిటన్‌లో 75 దాటిన 973 మంది మీద రెండిటినీ పోల్చి 2007లో ఫలితం చెప్పారు. ఆస్పిరిన్ వాడినోళ్ళలో ఏడాదికి నూటికి 3.8 మందికి పెద్ద దెబ్బ తగిలింది, వార్ఫరిన్ వాడినోళ్ళలో 1.8 మందికి. పెద్ద రక్తస్రావాల్లో మాత్రం రెండిటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 2011లో ఎపిక్సబాన్ అనే కొత్త మందుని ఆస్పిరిన్‌తో పోల్చినప్పుడూ కథ అదే. ఫలితం అంత స్పష్టంగా ఉండేసరికి ఆ పరీక్షని మధ్యలోనే ఆపేశారు.

"ముసలాయన, పెద్ద మందు తట్టుకోలేడు, ఆస్పిరిన్ అయితే సేఫ్" అనే మాట అందుకే నిలబడదు. రక్తస్రావం భయం దాదాపు అంతే ఉండి, కాపాడే బలం మాత్రం సగం కూడా లేని మందు సేఫ్ ఎట్టా అవుద్ది? అట్టాగని ఇది చదివి ఇంట్లో ఎకోస్ప్రిన్ మాన్పించబాకండి. స్టెంటు వేయించుకున్నోళ్ళకి, గుండెపోటు వచ్చినోళ్ళకి అది వేరే పని చేస్తా ఉంటది. డాక్టరుని ఒక్క ప్రశ్న అడగండి చాలు: "మా తాతకి ఏఎఫ్ ఉంది గదా, గడ్డ కట్టకుండా ఆపే మందు కావాలా వద్దా?"

కావాలా వద్దా అనేదానికి డాక్టర్ల దగ్గర మార్కుల పద్ధతి ఉంది. 65 దాటితే ఒకటి, 75 దాటితే రెండు. బీపీకి ఒకటి, షుగరుకి ఒకటి, గుండె బలహీనతకి ఒకటి, రక్తనాళాల జబ్బుకి ఒకటి. ఇంతకుముందు పక్షవాతం వచ్చి ఉంటే రెండు. 2024లో యూరప్ గుండె డాక్టర్ల సంఘం చెప్పిన ప్రకారం రెండు మార్కులు వస్తే మందు పడాలి, ఒకటి వస్తే ఆలోచించాలి. 75 దాటిన మనిషికి ఏఎఫ్ ఉందంటే వయసుతోనే రెండూ వచ్చేసినయ్. కవాటం బిగుసుకుపోయిన జబ్బున్నోళ్ళకి ఈ మార్కుల పని కూడా లేదు, నేరుగా మందే.

ఇంకో భయం, పడిపోతే ఎట్టా అని. కాళ్ళల్లో సత్తువ లేని మనిషి, రాత్రి దొడ్డికి పోతా తూలి పడితే తలలో రక్తం కారదా? 1999లో కెనడా డాక్టర్లు దీన్ని లెక్కగట్టారు. వార్ఫరిన్ వల్ల కలిగే మేలుని మించి కీడు జరగాలంటే ఆ మనిషి ఏడాదికి దాదాపు 295 సార్లు కిందపడాలని తేలింది. ఇది కాగితం మీద కట్టిన లెక్కే, ప్రతి మనిషికీ అచ్చంగా సరిపోదు. అయినా పడతాడనే భయం ఒక్కటే కారణంగా మందు ఆపడం తప్పని అది గట్టిగానే చెప్పింది. దొడ్డి దగ్గర లైటు వేయించండి, పట్టుకోను పైపు ఒకటి బిగించండి. మందు మాత్రం ఉండనియ్యండి.

మందుల్లో పాతది మన ప్రాంతంలో ఎక్కువమందికి తెలిసిన పేరు అసిట్రోమ్. వార్ఫరిన్‌కి చుట్టం. పనిచేసిద్ది, చవక. కానీ దీనితో కాపురం కష్టం. తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. అందుకని పీటీ–ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చేయిస్తా, ఆ అంకె 2కీ 3కీ మధ్య ఉండేట్టు డోసు సర్దుతా ఉండాలి. పరీక్షేమో ఒంగోల్లోనో, నరసరావుపేటలోనో, గుంటూరులోనో. పెద్దాయన్ని ఒక్కణ్ణే పంపలేం. తోడు పోయినోళ్ళ కూలి, బస్సు చార్జీ, ల్యాబు బిల్లు అన్నీ కలిపి ఒక రోజు పోయినట్టే. రెండు నెలలు తిరిగి, మూడో నెల కోతలొచ్చినయ్యని మానేస్తారు. పరీక్ష లేకుండా అదే డోసు మింగతా ఉంటారు, లేదంటే మందే మానేస్తారు. రెండూ ప్రమాదమే. దీన్ని రోగి నిర్లక్ష్యం అని తోసెయ్యడం నాకు నచ్చదు. ముప్పై, నలభై కిలోమీటర్ల అవతల పెట్టిన పరీక్షని నెలనెలా చేయించుకోమంటే, ఆ తప్పు పరీక్ష పెట్టినోళ్ళది.

తిండి సంగతి కూడా అట్టాగే గందరగోళం. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మందుకి ఎదురు పనిచేసిద్ది. దాంతో "ఆకుకూరలు ముట్టొద్దు" అని ఎవరో చెబుతారు. గుంటూరు మనిషిని గోంగూర మానెయ్యమంటే జరిగే పనేనా? అసలు మానాల్సిన పని లేదు. తినేది ప్రతివారం ఒకే తీరుగా తినాలి, అంతే. నెలంతా ముట్టకుండా ఉండి ఒక వారం పూటపూటా తోటకూర, మునగాకు, గోంగూర అంటే అంకె తారుమారు అవుద్ది. ఆయుర్వేదం పొడులు మొదలుపెట్టినా, జ్వరానికి యాంటీబయాటిక్ వేసినా డాక్టరుకి చెప్పాలి.

కొత్త మందులు డాబిగాట్రాన్, రివరోక్సబాన్, ఎపిక్సబాన్. వీటికి ఐఎన్ఆర్ పరీక్ష అక్కర్లా, గోంగూర గొడవ లేదు, మెదడులో రక్తస్రావం అసిట్రోమ్ జాతి మందుల కంటే తక్కువ. ఒకప్పుడు వీటి రేటు చూస్తే కళ్ళు తిరిగేవి. పేటెంట్లు అయిపోయి మన దేశపు కంపెనీలే తయారుచేస్తా ఉండటంతో రేటు బాగా దిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే ఈ జాతి మందుల్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన కేంద్ర ప్రభుత్వం 2022 జాబితాలో డాబిగాట్రాన్‌ని పెట్టింది. అయితే కొత్తది గదా అని అందరికీ కొత్తదే కావాలనుకోబాకండి. ఇందాక చెప్పిన కవాటం జబ్బున్నోళ్ళ మీద 24 దేశాల్లో పరీక్ష చేసి 2022లో ఫలితం చెప్పారు. వాళ్ళకి రివరోక్సబాన్ కంటే పాత మందే మేలు చేసింది, ప్రాణాలు ఎక్కువ నిలిచినయ్. అందుకే ఈసీజీతో పాటు ఒక్కసారి ఎకో పరీక్ష చేసి కవాటం సంగతి తేల్చుకోవాలి.

మన నేలకి సంబంధించిన చిక్కు ఇంకోటి ఉంది. కొత్త మందులు కొంత కిడ్నీల గుండానే బయటికి పోతయ్, డాబిగాట్రాన్ అయితే ఎక్కువ భాగం. కిడ్నీ మందగిస్తే మందు ఒంట్లో పేరుకొని రక్తస్రావానికి దారి తీసిద్ది. పాత ప్రకాశం జిల్లా పడమటి మెట్టలో, కనిగిరి చుట్టుపక్కల, నీళ్ళలో ఫ్లోరైడు ఎంతో, కీళ్ళ నొప్పులు ఎంతమందికో మీకు తెలుసు. చీమకుర్తి వైపు కిడ్నీ జబ్బుల మీద పరిశోధకులు రాసిన కాగితాలూ ఉన్నయ్. ఆ నొప్పులకి, మిరపచేలో వంగి వంగి పట్టేసిన నడుముకి జనం ఏం చేస్తన్నారు? రోజూ పొద్దుగూకేసరికి డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో ఒకటి మింగుతున్నారు. కొట్లో అడిగితే ఇస్తారు, చీటీ అడగరు. ఈ నొప్పి బిళ్ళలు కిడ్నీని దెబ్బతీస్తయ్, కడుపులో పుండు చేస్తయ్. గడ్డ కట్టకుండా ఆపే మందు మీద ఉన్న మనిషి వాటిని వేసుకుంటే కడుపులో రక్తం కారే ముప్పు బాగా పెరిగిద్ది. తుంటి మీద నొప్పి ఇంజెక్షన్ వేయించుకున్నా లోపల రక్తం గూడు కట్టొచ్చు. మందు మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ పరీక్ష, ఏడాదికి కనీసం ఒకసారి మళ్ళీ అదే పరీక్ష, నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్. మన పల్లెల్లో రక్తం పలచన చేసే మందుకి చెడ్డపేరు రావడంలో ఈ నొప్పి బిళ్ళల వాటా చిన్నది కాదని నా అనుమానం.

ఇప్పుడు ప్రభుత్వం సంగతి. ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని 2023 ఏప్రిల్ 6న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి లాంఛనంగా మొదలుపెట్టింది కూడా మన దగ్గరే, చిలకలూరిపేట మండలం లింగంగుంట్లలో. 104 బండి ఎక్కి డాక్టరే ఊరికి వస్తాడు, బీపీ, షుగర్ మందులు ఊళ్ళోనే దొరుకుతయ్ అన్నది ఆ ఆలోచన. పార్టీ ఏదైనా ఆలోచన మంచిది. ఇంటింటి సర్వేలు చేసే ఏఎన్ఎంలు, ఆశాలు మనకున్నారు. వాళ్ళ ఫారాల్లో బీపీ, షుగర్, మూడు రకాల క్యాన్సర్ల ప్రశ్నలు ఉన్నయ్. నాడి లయకి గడి లేదు. పేరు మారి ఎన్టీఆర్ వైద్య సేవ అయిన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినోళ్ళ ఖర్చు చూసే పథకం. పక్షవాతం వచ్చి చేరితే కార్డు పనికొచ్చిద్ది. రాకుండా ఆపే రోజువారీ బిళ్ళకి మాత్రం జేబే దిక్కు.

లెక్క మీరే వెయ్యండి. పదిహేను వేల పింఛను ఏడాదికి 1,80,000 రూపాయలు, ఒక్క మనిషికి. 2025 ఫిబ్రవరిలో మిరప ధర కూలిపోతే కేంద్రం క్వింటాకి 11,781 రూపాయల లెక్క కట్టింది గుర్తుందా? ఆ రేటుతో చూస్తే పదిహేను క్వింటాళ్ళ మిరపకాయల డబ్బు. అదే 2025లో ఈ పింఛన్లు తీసుకునేవాళ్ళలో అనర్హులు ఎవరో తేల్చడానికి డాక్టర్ల బృందాల్ని ఇళ్ళకి పంపించారు. పక్షవాతం నిజమో కాదో చూడటానికి డాక్టరు మన మంచం దాకా వచ్చాడు. అదే ఇంట్లో అరుగు మీద కూర్చున్న ముసలామె నాడి చూడమని ఆయనకి ఎవరూ చెప్పలా.

అందరికీ పరీక్షలు చేస్తే పక్షవాతాలు ఆగిపోతయ్యా అని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్నే. డెన్మార్క్‌లో 70 దాటిన ఆరు వేల మంది మీద 2021లో తేలిందేందంటే, చర్మం కింద రికార్డరు పెట్టి రాత్రింబవళ్ళు వెతికితే ఏఎఫ్ మూడు రెట్లు ఎక్కువ దొరికింది గానీ, పక్షవాతాలు చెప్పుకోదగ్గట్టు తగ్గలా. నిమిషాల పాటు వచ్చిపోయే చిన్న లయ తప్పుల్ని వెతికి పట్టినందువల్ల లాభం తక్కువ. నేను అడిగేది అంత యంత్రాంగం కాదు. బీపీ కోసం ఎటూ చెయ్యి చాపి కూర్చున్న 65 ఏళ్ళ మనిషి నాడిని అర నిమిషం పట్టుకోండి, తేడాగా ఉంటే ఈసీజీ తియ్యండి అంటున్నా. 104 బండిలో వేలు గుచ్చి ఐఎన్ఆర్ చూసే చిన్న మిషను పెట్టండి, అట్టాంటివి ఉన్నయ్. కొత్త మందు ఒకటి పీహెచ్‌సీలో బీపీ బిళ్ళల పక్కన ఉంచండి. గ్రామసభలో అడగాలంటే ఈ మూడు మాటలు చాలు.

ఈలోపు మీరు చెయ్యగలిగింది ఉంది. తాతనో నాయనమ్మనో అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, అరచెయ్యి పైకి తిప్పి, బొటనవేలి వైపు మణికట్టు కింద మీ మూడు వేళ్ళు ఆనించండి. మీ బొటనవేలు పెట్టబాకండి, దానికి సొంత నాడి ఉంటది. ముప్పై సెకన్లు చూడండి. గడియారంలాగా సమంగా కొట్టుకుంటే సరే. ఒకటి తొందరగా, ఇంకోటి ఆలస్యంగా, ఒకటి గట్టిగా, ఇంకోటి ఉందో లేదో అన్నట్టు, ఏ వరసా లేకుండా కొట్టుకుంటే ఈసీజీ తీయించండి. ఎప్పుడో ఒక దెబ్బ తప్పడం చాలామందికి మామూలే, దానికి కంగారొద్దు. ఇంట్లో వాడే బీపీ మిషన్లలో కొన్ని లయ తప్పితే తెరమీద గుర్తు చూపిస్తయ్, అది పదేపదే కనపడితే పట్టించుకోండి. చేతికి పెట్టుకునే చవక వాచీ చెప్పింది మాత్రం ఆఖరి మాట అనుకోబాకండి. చాలామందికి దడ, ఆయాసం ఏమీ తెలవదు, అందుకే చేత్తో చూడమంటున్నా. కాసేపు మాట తడబడి, చెయ్యి తిమ్మిరెక్కి, పావుగంటకి సర్దుకుంటే గాలి సోకిందని వదిలేయబాకండి, పెద్ద దెబ్బకి ముందొచ్చే హెచ్చరిక అదే కావచ్చు.

మందు వాడుతుంటే పేరు, డోసు ఒక కాగితం మీద రాసి ఆయన జేబులోనో, ఆమె రొంటి సంచిలోనో పెట్టండి. పన్ను పీకించినా, ఆపరేషన్ అయినా ముందే ఆ కాగితం చూపించాలి. ఇన్ని చేసినా ఒకనాడు మూతి వంకరపోయి చెయ్యి జారిపోతే, 108కి ఫోను చేసి, అది ఎన్ని గంటలకి మొదలైందో చెప్పండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే వెయ్యాలి. రక్తం పలచన చేసే మందు వాడుతున్నాడని, ఆఖరి బిళ్ళ ఎన్నింటికి వేసుకున్నాడో కూడా చెప్పండి. ఆ ఇంజెక్షన్ వెయ్యొచ్చో లేదో డాక్టరు తేల్చుకునేటప్పుడు ఆ రెండు టైములూ అడుగుతాడు.